నడిదారిలో పుట్టేవాళ్ళు

చిన్నా,

మీరు నలుగురూ కలిసి తయారుచేసిన, వేరే నక్షత్రానికి పోయే తరాల ఓడ నమూనా మొత్తం చదివాను. ఫోన్లో అక్షరాలు ఆనడం లేదంటే మీ అమ్మ పెద్ద కాగితాల మీద ప్రింటు తీయించి ఇచ్చింది. బాగుందిరా. గిర్రున తిరిగే ఆ గొట్టాలు, లోపలి గోడల మీద వరి మళ్ళు, తలెత్తి చూస్తే ఆకాశం బదులు అవతలి వీధి ఇళ్ళ కప్పులు, అన్నీ కళ్ళకు కట్టాయి. రిటైరయ్యేదాకా ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పినదాన్ని కదా, పెన్సిలు పట్టుకుని లెక్కలు కూడా సరిచూశాను. ఇంజను విషయంలో నీకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

నా పేచీ అంతా ‘జనాభా’ అని పెట్టిన అధ్యాయంతో. బయల్దేరే తరాన్ని ఎలా ఎంచుకోవాలో పేజీలకు పేజీలు రాశారు. వైద్య పరీక్షలు, మానసిక పరీక్షలు, పెట్టించుకునే సంతకాలు. చివర దిగే పదహారో తరం మొదటి రోజు ఏం చెయ్యాలో అదీ వివరంగా ఉంది. నడుమనున్న పద్నాలుగు తరాలకూ కలిపి ఒక్క వాక్యం: ‘జనాభాను స్థిరంగా నిలపాలి’. వాళ్ళు పుట్టేది దారిలో, పోయేది దారిలో. భూమిని చూడరు, చేరబోయే చోటునీ చూడరు. ఓడను నడిపేదీ, మళ్ళలో కలుపు తీసేదీ, గాలి యంత్రాల జల్లెళ్ళు కడిగేదీ మాత్రం వాళ్ళే. వాళ్ళకింకా నోరు రాలేదు కనక వాళ్ళ తరఫున నాలుగు మాటలు నేను చెప్తాను, కోపం తెచ్చుకోకుండా విను.

దూరం సంగతి నీకు తెలిసిందే, అయినా మీ ఇంజనీర్లకు సున్నాలు చూసీ చూసీ మొద్దుబారిపోయి ఉంటుంది. 1977లో బయల్దేరిన వాయేజర్-1 సెకనుకు 17 కిలోమీటర్లు పోతోంది. ఆ లెక్కన హైదరాబాదులో ఎక్కినవాడు పావు నిమిషంలో బెజవాడలో దిగుతాడు. అంత వేగంతో పోయినా, సూర్యుణ్ణి వదిలేస్తే మనకు అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీని చేరడానికి 70 వేల ఏళ్ళు దాటుతుంది. 40 లక్షల కోట్ల కిలోమీటర్లు మరి. మీరు వాయేజర్ వేగాన్ని దాదాపు 180 రెట్లు చేసి, ప్రయాణాన్ని 400 ఏళ్ళకు కుదించారు. 2025లో హైపీరియన్ అనే పోటీలో గెలిచిన ‘క్రిసాలిస్’ నమూనా కూడా అంతే కదా, 58 కిలోమీటర్ల ఓడ, 2,400 మంది, 400 ఏళ్ళు. జనం లెక్క తప్ప మీదీ దాని పోలికే, ఆ మాట నువ్వే చెప్పావు.

ఇప్పుడు ఆ 400 ఏళ్ళను వెనక్కి తిప్పి చూడు. 1626. గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్ షా గద్దెనెక్కిన ఏడు. ఆ ఏట మన పూర్వీకుడెవరో, పేరు కూడా మనకు తెలియని మనిషి, ఒక పత్రం రాయించాడనుకో: నా వంశంలో పదహారో తరం దాకా ఎవరూ ఈ ప్రహరీ దాటకూడదు, ఏం పండించాలో ఏం తినాలో ఎందరిని కనాలో అంతా ఇందులో ఉంది, అని. ఆ పత్రం ఇప్పుడు నీ ముందు పెడితే చెల్లుతుందంటావా? నువ్వా! మెకానికల్ సీటు వచ్చిందని, ఏరోస్పేస్ కాదని, అన్నం మానేసి కూర్చున్నవాడివి.

‘మనల్ని మాత్రం ఎవరడిగి కన్నారు అమ్మమ్మా’ అంటావని తెలుసు. ఆ ప్రశ్న కాలేజీలో నా దగ్గర చదివిన పిల్లలు కూడా అడిగేవాళ్ళు, పెళ్ళి సంబంధాల మీద కోపం వచ్చినప్పుడల్లా. నిజమే, ఎవరూ అడగరు. అడగడానికి అవతల మనిషంటూ ఉండాలి కదా. అయితే అడగలేకపోయిన కన్నవాళ్ళ మీద ఒక బరువు పడుతుంది: ఆ పుట్టిన బిడ్డ పెద్దయ్యాక తనకు నచ్చినదారి తను వెతుక్కునేటట్టు కొన్ని తలుపులైనా తీసి ఉంచడం. జోయెల్ ఫైన్‌బర్గ్ అనే అమెరికా తాత్వికుడు 1980లో దీన్ని పిల్లల హక్కు అన్నాడు. భవిష్యత్తు తెరిచి ఉండే హక్కు. మీ తాతయ్య పుట్టిన ఊళ్ళో బడి అయిదో తరగతితో సరి, ఆయనకు తెరిచి ఉన్న తలుపులు తక్కువే. కానీ ఊరి చివర రోడ్డు ఉంది, రోడ్డు మీదికి బస్సు వచ్చేది. ఓడలో పుట్టిన పిల్లకు బస్సు లేదు. పేదరికం మూసిన తలుపుకీ, ముందే నక్షా గీసి గోడ కట్టేసిన తలుపుకీ తేడా ఉంది. రెండో దానికి గీసినవాడు జవాబుదారీ.

ఇంకో వాదం కూడా మీ వాళ్ళెవరో చివరి పేజీల్లో ఇరికించారు. ఆ ఓడే లేకపోతే ఆ పిల్లలే పుట్టరు, కాబట్టి వాళ్ళకు నష్టం జరిగిందనడానికి వీల్లేదు, అని. ఇది డెరెక్ పార్ఫిట్ అనే తాత్వికుడు 1984లో పెట్టిన చిక్కుముడి. ఆయన దాన్ని నిజంగా చిక్కుగానే చూశాడు, ఎలా విప్పాలా అని జీవితమంతా ఆలోచించాడు. మీరేమో దాన్ని రసీదులా వాడుకున్నారు. ఫలానా వ్యక్తికి నష్టమని చూపలేకపోయినంత మాత్రాన చేసేవాడి పని మంచిదైపోతుందా? వందేళ్ళకు కూలిపోయే వంతెన కట్టినవాడు, ఆ రోజు దాని మీద ఉండేవాళ్ళు ఇంకా పుట్టలేదు కదా అంటే నువ్వే వాణ్ణి తిడతావు.

సరే, ఇవన్నీ పుస్తకాల్లో మాటలు. పూర్వీకుడి సంతకం తరువాతి తరాలను ఎలా పట్టుకుంటుందో మనవాళ్ళ చరిత్రలోనే ఉంది. 1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ బయల్దేరింది. నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులో మూడు వందల మందికి పైగా కూలీలు, తమిళులూ మన తెలుగువాళ్ళూ. నటాల్ చెరకు తోటల్లో అయిదేళ్ళ ఒప్పందం. 1911 దాకా అలా లక్షా యాభై వేల మందిని తీసుకుపోయారు. తెలిసి వేలిముద్ర వేసినవాళ్ళున్నారు, తెలియక వేసినవాళ్ళున్నారు. ఎలా వేసినా ఆ కాగితానికి గడువంటూ ఉంది. అయిదేళ్ళు.

గడువు తీరాక ఏం జరిగిందో చూడు. తోటల యజమానులకు కూలీలు కావాలి, స్వతంత్రంగా స్థిరపడే భారతీయులు మాత్రం అక్కర్లేదు. ఒప్పందం ముగిశాక మళ్ళీ ఒప్పందం రాయకుండా, ఇండియాకు తిరిగి పోకుండా అక్కడే ఉండేవాళ్ళ మీద ఏడాదికి 3 పౌండ్ల పన్ను వేశారు. 1895లో చట్టం చేశారు. తరువాత దాన్ని పిల్లలకు కూడా తగిలించారు: 16 ఏళ్ళు దాటిన కొడుక్కి, 13 దాటిన కూతురికి. వేలిముద్ర తండ్రిది. ఆ దేశంలోనే పుట్టి, మద్రాసు రేవు ఎలా ఉంటుందో కూడా తెలియని పదమూడేళ్ళ పిల్ల పన్ను కట్టాలి, లేదంటే తనూ తోటలో కూలికి రాయించుకోవాలి. నేను ఈ సంగతి చదివి చాలా కాలమైనా ఆ పదమూడు అనే అంకె నన్ను వదలడం లేదు. ఒప్పందం రాసుకున్నవాళ్ళు ఆ పిల్ల గురించి చెడు తలపెట్టి ఉండరు. అసలు ఆ పిల్ల వాళ్ళ ఆలోచనలోనే లేదు. మీ ‘జనాభా’ అధ్యాయం చదువుతుంటే నాకు గుర్తొచ్చింది ఆ లెక్కే.

1913లో గనుల్లో, తోటల్లో పనిచేసేవాళ్ళు పని ఆపేసి రోడ్డెక్కారు. గాంధీ నాయకత్వం వహించిన ఆ సమ్మె తరువాత, 1914లో పన్ను రద్దయింది. పని ఆపగలిగారు కాబట్టి గెలిచారు. మీ ఓడలో పని ఆపితే ఏమవుతుంది? గాలి శుద్ధి చేసేవాళ్ళు ఒక్క వారం సమ్మె చేస్తే సమ్మె చేసినవాళ్ళ పిల్లలే ముందు చచ్చిపోతారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చార్లెస్ కాకెల్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి మీదే చాలాకాలంగా రాస్తున్నాడు. భూమి మీద ఎంత దుర్మార్గుడైన రాజు కూడా గాలికి పన్ను వెయ్యలేకపోయాడు. అంతరిక్షంలో ఆక్సిజన్ మీట ఎవరి చేతిలో ఉంటే రాజ్యం వాళ్ళది. మీ నమూనాలో ఆ మీట ‘కెప్టెన్ మండలి’ చేతిలో పెట్టారు. కెప్టెన్ మండలిని దించాలంటే ఎలాగో మాత్రం ఎక్కడా కనిపించలేదు.

ఆ నటాల్ వాళ్ళ మనవలూ మునిమనవలూ తెలుగు చాలావరకు మరిచారు. కొందరు గట్టిగా పట్టుకున్నారు, 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు, పిల్లలకు ఓనమాలు దిద్దించారు. రెండూ వాళ్ళ ఇష్టం. మీరేమో పదహారో తరం కూడా మీ లక్ష్యాన్నే తలకెత్తుకుంటుందని గట్టిగా నమ్ముతున్నారు. ఎందుకు ఎత్తుకోవాలి? ఆరో తరానికి ఆ నక్షత్రం మీద మోజు పోవచ్చు. ఓడే ఇల్లు, దిగడం దేనికి అనిపించవచ్చు. హైన్‌లైన్ అనే రచయిత 1941లోనే ఒక కథ రాశాడు, అందులో తరాలు గడిచేసరికి తాము ఓడలో ఉన్నామన్న సంగతే జనం మరిచిపోతారు. మరిచిపోకుండా ఉండాలని మీరు బడి పాఠాల్లో ‘లక్ష్య నిష్ఠ’ అని ఒక సబ్జెక్టు పెట్టారు చూడు, అది తీసెయ్యి. పిల్లలకు నిజం చెప్పండి: మీ ముత్తాతలు ఇలా నిర్ణయించారు, ఇందువల్ల నిర్ణయించారు, మిమ్మల్ని అడగలేకపోయారు, అని. విన్నాక వాళ్ళకు కోపం వస్తే రానివ్వాలి.

ఇక కాన్పుల సంగతి. ఇది నేను చెప్పకపోతే మీ బృందంలో ఇంకెవరూ చెప్పేటట్టు లేరు. 2018లో స్ట్రాస్‌బర్గ్ శాస్త్రవేత్త ఫ్రెడెరిక్ మారిన్, ఆయన తోటి పరిశోధకురాలు కమీల్ బెలుఫీ కంప్యూటర్ మీద లెక్కించి, 6,300 ఏళ్ళ ప్రయాణానికి బయల్దేరే జనం 98 మంది ఉంటే చాలు, వంశాలు పాడవకుండా నడుస్తాయి అన్నారు. అంతకు నాలుగేళ్ళ ముందు కామెరాన్ స్మిత్ అనే మానవశాస్త్రవేత్త కనీసం 14,000 మంది, వీలైతే 40,000 ఉండాలన్నాడు. మీరు ఆ 98 చూసి ‘ఆశాజనకం’ అని రాశారు. ఓడ చిన్నదవుతుంది, ఖర్చు తగ్గుతుంది, ఇంజనీరు సంతోషమే. కానీ ఆ లెక్కలో ఏటేటా జనాన్ని లెక్కపెట్టి, ఎందరు పుట్టాలో అదుపు చేసి, దగ్గర చుట్టాల మధ్య సంతానం కలగకుండా చూసుకుంటేనే అది నిలబడుతుంది. (మన మేనమామ పెళ్ళిళ్ళూ, మేనరికాలూ అక్కడ చెల్లవన్నమాట. మీ తాతయ్య నాకు బావే, మేమిద్దరం ఆ ఓడ గుమ్మం దగ్గరే ఆగిపోయేవాళ్ళం.) జనం తక్కువైనకొద్దీ ఒక్కొక్క గర్భం మీదా లెక్క బిగుసుకుంటుంది. నలభై వేలమందిలో ఒకమ్మాయి నాకు పిల్లలు వద్దంటే ఎవరికీ పట్టదు. తొంభై ఎనిమిది మందిలో అంటే మండలి సమావేశం పెడతారు. నలుగురు కావాలన్నదాన్ని నేరస్థురాలిని చేస్తారు. పెళ్ళే వద్దన్నవాడినీ, ఆడపిల్ల మీద మనసు పడ్డ ఆడపిల్లనీ కూడా లెక్కల్లోకే లాక్కొస్తారు.

నేను అతిగా ఊహిస్తున్నానని అనుకోకు. ఎమర్జెన్సీ నాటికి నేను కాలేజీలో చదువుతున్నాను. ఉత్తరాది ఊళ్ళలో మగవాళ్ళని పట్టుకుపోయి ఆపరేషన్లు చేస్తున్నారన్న కబుర్లు మా హాస్టల్ దాకా వచ్చేవి. దేశానికి మంచిదనే చేశారు, లెక్క ప్రకారమే చేశారు. 1977లో ఎన్నికలు వచ్చాయి కాబట్టి జనం ఆ లెక్కకు తమ లెక్క చెప్పారు. అర్జెంటీనా ఒక గర్భిణిని అంటార్కిటికా స్థావరానికి తీసుకుపోయి 1978లో కాన్పు చేయించింది, ఆ మంచు నేల మీద తన హక్కుకు బలం వస్తుందని. పుట్టుకను పనిముట్టుగా వాడుకోవడం ఎవరికీ కొత్త కాదు. ఆ బిడ్డ ఇంటికి తిరిగి వెళ్ళగలిగాడు, అదొక్కటే నయం.

తిరిగి వెళ్ళడం అనే మాట దగ్గర కాసేపు ఆగుదాం. అరిజోనాలో బయోస్ఫియర్-2 అని గాజు కప్పుల కింద మూడెకరాల లోకం ఒకటి కట్టారు. 1991 సెప్టెంబరు 26న ఎనిమిది మంది లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. తమ తిండి తామే పండించుకోవాలి, గాలి అదే శుభ్రపడాలి, రెండేళ్ళు. మొదటి వారాల్లోనే ఒకామె వేలికొన ధాన్యం యంత్రంలో పడి తెగింది. బయటికి తీసుకెళ్ళి ఆపరేషను చేయించి తీసుకొచ్చారు. తరువాత మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను తినేస్తూ పోయాయి, అవి వదిలిన బొగ్గుపులుసు వాయువును కొత్త కాంక్రీటు పీల్చుకుంది. ఆక్సిజన్ 21 శాతం నుంచి 14కి దగ్గరగా దిగిపోయింది. మెట్లెక్కితే ఆయాసం, రాత్రిళ్ళు నిద్ర లేదు. చివరికి 1993 జనవరిలో బయటి నుంచి ఆక్సిజన్ పంపారు. ఈలోగా ఎనిమిది మంది నాలుగూ నాలుగుగా చీలిపోయి, ఒకరి మొహం ఒకరు చూసుకోని స్థితికి వచ్చారు. వాళ్ళంతా ఇష్టపడి వెళ్ళినవాళ్ళు, కోరి ఎంపికైనవాళ్ళు.

అప్పట్లో పత్రికలు ఎగతాళి చేశాయి, తలుపు తీశారు, మోసం, అని. నాకు మాత్రం ఆ ప్రయోగంలో అన్నిటికన్నా మర్యాదైన పని ఆ తలుపు తియ్యడమే అనిపిస్తుంది. మనుషుల మీద ప్రయోగాలకు 1947లో న్యూరెంబర్గ్ తీర్పుతో పాటు వచ్చిన నియమాల్లో ఒకటి ఇదే: ప్రయోగంలో ఉన్న మనిషి ఇక నావల్ల కాదంటే ఆపెయ్యనివ్వాలి. మీ ఓడ నాలుగు వందల ఏళ్ళ ప్రయోగం. ఆపమనే హక్కు ఎవరికుందిరా అందులో?

వెనక్కి తిరిగే ఏర్పాటు పెడతాం అనకు, అది జరిగే పని కాదని ఇద్దరికీ తెలుసు. సెకనుకు 3,000 కిలోమీటర్ల వేగంలో ఉన్న ఓడను ఆపడానికే బయల్దేరదీసినంత శ్రమ. ఆపి, తిప్పి, మళ్ళీ వేగం తెచ్చి, మళ్ళీ ఇక్కడ ఆపాలంటే ఇంధనం కూడికలో పెరగదు, హెచ్చవేతలో పెరుగుతుంది. రాకెట్ సమీకరణం ఎవరి మొహమూ చూడదు. కాబట్టి తలుపు దారిలో పెట్టడం కుదరదు. బయల్దేరక ముందే పెట్టాలి.

ఎలాగంటే, ఓడ కట్టండి. కట్టి, భూమికి అందే దూరంలో నిలపండి. అందులో జనం కాపురాలు పెట్టనివ్వండి, వచ్చే పోయే బండ్లు నడవనివ్వండి. రెండు తరాలు గడవాలి. ఆ ఓడలోనే పుట్టి, ఆ వరి అన్నం తిని, ఆ బళ్ళో చదివి, సెలవులకు భూమి మీదికి వచ్చి వానలో తడిసి వెళ్ళినవాళ్ళు పెద్దవాళ్ళవుతారు. పోదామా వద్దా అని తేల్చవలసింది వాళ్ళు. దిగిపోతామన్నవాళ్ళకు ఇక్కడ ఇల్లూ పనీ చూపించాలి. ఉత్త చేతులతో దిగమంటే అది తలుపు తెరిచినట్టు కాదు. క్రిసాలిస్ వాళ్ళు కూడా మొదటి తరాలను డెబ్భై ఎనభై ఏళ్ళు అంటార్కిటికాలో ఉంచాలన్నారు, ఏకాంతానికి అలవాటు పడతారని. వాళ్ళు దాన్ని శిక్షణ అనుకున్నారు. నేను దాన్ని అనుమతి కోసం వాడమంటున్నాను.

అప్పటికీ వాళ్ళ కడుపున పుట్టేవాళ్ళను ఎవరూ అడగలేదన్న లోటు అలాగే ఉంటుంది. అది తీరిందని నేను అనను. కానీ ఆ గోడల మధ్య బాల్యం ఎలా గడుస్తుందో ఒంటితో తెలిసినవాళ్ళు తమ పిల్లల కోసం తీసుకునే నిర్ణయం వేరు. భూమి మీద సముద్రాలూ కొండలూ చూసి విసుగెత్తి, సాహసం కోసం ఎక్కినవాడు తన ముని మనవల కోసం తీసుకునే నిర్ణయం వేరు. రెండోవాడు ఇచ్చేస్తున్నది తన దగ్గర ఉన్న వస్తువు కాదు.

ఇంకో లాభం కూడా ఉంది. ఆలస్యమైతే ఏం పోతుందని ఆండ్రూ కెన్నెడీ 2006లో లెక్కేశాడు, నువ్వే నాకు చెప్పావు: తొందరపడి బయల్దేరిన ఓడను తరువాత కట్టిన వేగమైన ఓడ దారిలో దాటిపోతుంది. పది తరాలు దారిలో అరిగిపోయి చేరేసరికి అక్కడ అప్పటికే ఊళ్ళు వెలిసి ఉంటే, ఆ పది తరాలకు ఎవరు సంజాయిషీ చెప్తారు? భూమి తగలబడిపోతుంటే పిల్లల్ని చంకనేసుకుని దొరికిన ఓడ ఎక్కడం వేరే సంగతి, ఆ రోజున ఈ ప్రశ్నలేవీ నేను వెయ్యను. మీ నమూనా మొదటి పేజీలో మీరు రాసుకున్న కారణం ‘అన్వేషణ’. అన్వేషణకు తొందరేం లేదు.

అసలు చేదు మాట ఇది. ఇలా చేస్తే ఆ ఓడ నువ్వు ఎక్కవు. చిన్నప్పుడు మేడ మీద పడుకుని నక్షత్రాలు లెక్కపెట్టే రోజుల నుంచీ నీకు ఆ ఆశ ఉందని నాకు తెలుసు. ఓడ కట్టు నాన్నా, నీ ఆయుష్షంతా పోసి కట్టు, నేను అడ్డు రాను. నీ ప్రాణం నువ్వు పెట్టుకోవచ్చు. ఒంటరిగా, పిల్లల్ని కనకుండా, తిరిగి రాని దారిలో పోతానంటే మీ అమ్మా నేనూ ఏడుస్తాం గానీ అది నీ హక్కు కాదని అనలేం. నీతోపాటు పద్నాలుగు తరాలను ఇంధనంగా పోసుకుని పోతానంటేనే ఒప్పుకోను.

కాబట్టి నమూనాలో మొదట మార్చవలసింది ఓడ లోపలి ఊరు. ఎక్కడికీ చేరకపోయినా అక్కడ బతకడం బాగుండాలి. ఏ తరానికి ఆ తరం, మేం చివరివాళ్ళ కోసం బతికాం అనుకోకుండా, మా బతుకు మేం బతికాం అనుకునేటట్టు. పని ఎంచుకోవడానికి వీలుండాలి, పెద్దల్ని ఓటు వేసి దించడానికి వీలుండాలి, గాలి మీట ఒక్కరి చేతిలో ఉండకూడదు. జనాన్ని తొంభై ఎనిమిది నుంచి వేలల్లోకి పెంచు, ఓడ పెద్దదైతే అవనీ. ఖర్చు పెరుగుతుంది, పెరగనీ.

ఆ రెండు తరాల తరువాత వాళ్ళు ‘మేం పోం, ఇక్కడే బాగుంది’ అన్నారనుకో. అప్పుడది భూమి చుట్టూ తిరిగే ఊరవుతుంది, ఇంజను మాత్రం తుప్పు పట్టకుండా చూసుకుంటారు. మీ నివేదికలో దాన్ని వైఫల్యాల పట్టికలో వెయ్యకు. విడిగా ఒక అధ్యాయం రాసి, దానికీ బడ్జెట్టు చూపించు. మీ బృందంలో ఆ బెంగుళూరు అమ్మాయి ఒప్పుకోదని నువ్వంటే, నాతో మాట్లాడమను. ఆదివారం మధ్యాహ్నం అయితే నాకు తీరిక. ఆ అమ్మాయి వాదన కూడా వినాలి, లెక్కలన్నీ తనే చేసిందన్నావుగా.

మీ అమ్మమ్మ